తీగకు చెప్పిన మాట

నా భార్యను చంపింది ఆమె కన్నతల్లి. పాము కరిచిన మాట నిజమే. పాము కరిచిన వాళ్ళందరూ చావరు. ఎడారిలో తెల్లవాళ్ళు మాకు కట్టిన ఈ సెటిల్‌మెంట్‌లోనే అలా బతికినవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురినీ వేళకు క్లినిక్‌కు చేర్చారు. నా భార్యను చేర్చలేదు. కారు ఉంది, దాన్ని నడపగల మనిషి ఉన్నాడు. ఆ మనిషిని నేనే. పిలవవలసిన ఆమె పిలవలేదు.

ఆమె పేరు నేను రాయను. బతికి ఉన్నప్పుడు కూడా ఆ పేరు నా నోట రాలేదు. నా భార్య పేరూ రాయను. పోయినవాళ్ళ పేరు మాలో ఎవరూ పలకరు.

అత్తా అల్లుడూ మాలో ఒకరి ముఖం ఒకరు చూడరు, ఒకరితో ఒకరు మాట్లాడరు, ఒకే నీడలో కూర్చోరు. ఎదురుపడబోతే ఇద్దరిలో ముందుగా గమనించినవాళ్ళు చప్పుడు చేస్తారు. దగ్గడమో, రాయి విసరడమో, కర్రతో నేలను కొట్టడమో. రెండోవాళ్ళు దారి వదిలి దూరంగా వెళ్ళిపోతారు. ఇది పగ అనుకునే తెల్లవాళ్ళను చూశాను. పగ కాదు, మర్యాద. పిల్లనిచ్చిన మనిషికి అల్లుడు ఇవ్వగలిగిన వాటిలో ఇదే పెద్దది. ఇది కాక మాంసం. నేను కొట్టిన ప్రతి కంగారూలోనూ ఆమె వాటా పదకొండేళ్ళు ఆమెకు చేరింది, నా భార్య చేతి మీదుగా. ఆమె పాదాల గుర్తులు ఇసుకలో ఎక్కడ చూసినా చెప్పగలిగేవాణ్ణి. ముఖం మాత్రం ఎలా ఉంటుందో తెలియదు.

ఆ రోజు చలికాలం చివర. కొండల్లో ఈటెతీగ పూతకు వచ్చింది.

నేను ఈటెలు చేసేవాణ్ణి. అన్ని తీగలూ ఈటెకు పనికిరావు. ఈటెతీగ బండల నీడలో పుడుతుంది. ఎక్కడానికి ఏదైనా దొరికితే పొడుగ్గా లేస్తుంది, దొరక్కపోతే పొదలా కూలబడుతుంది. మనకు కావలసింది లేచిన కాడ. బొటనవేలంత లావు, మనిషి కంటే పొడుగు, కణుపులు తక్కువ. పచ్చిగా ఉన్నప్పుడే కోయాలి, అదే రోజు కాచాలి. వేడి బూడిదలో తిప్పుతూ, వంకర ఉన్నచోట పళ్ళతో పట్టి, మోకాలికి ఆనించి, కాస్త కాస్తగా నిటారు చేయాలి. మర్నాటికి వాయిదా వేస్తే వంకర అలాగే బిగుసుకుపోతుంది, ఇక దాన్ని ఎవరూ మార్చలేరు.

కారు నా బావమరిది హెక్టర్‌ది. పాత హోల్డెన్. హారన్ లేదు. వెనక తలుపు ఒకటి ఇనపతీగతో కట్టి ఉండేది. అత్తా నేనూ ఒకే కారులో కూర్చోకూడదు కనుక హెక్టర్ రెండుసార్లు తిరగాలి. ముందు ఆడవాళ్ళిద్దరినీ నలభై మైళ్ళ దూరంలో ఎండిన వాగు దగ్గర దింపి వచ్చాడు. వచ్చీ రాగానే మొదలుపెట్టాడు.

"నీ మర్యాద నా పెట్రోలంతా తాగేస్తోంది బావా. మా అమ్మను చూసి తప్పుకోవడానికి నీకు రెండు కాళ్ళు చాలు. నాకు మాత్రం రెండు ట్యాంకులు కావాలి."

"నేను నడిచి వస్తానన్నానా లేదా?"

"నువ్వు నడిచి వచ్చేసరికి ఆ తీగ విత్తనాలు రాలి, మళ్ళీ మొలిచి, మళ్ళీ పూస్తుంది. ఎక్కు."

పొద్దున బయలుదేరే ముందు నా భార్య కూడా ఊరుకోలేదు. కారు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. తల్లి అవతలి వైపు ముఖం తిప్పుకుని కూర్చుని ఉంది. నేను గుడిసె వెనక నిలబడి ఉన్నాను.

"ఏమయ్యా, ఈసారైనా మంచి కాడలు తే. పోయినసారి నువ్వు చేసిన ఈటెను చూసి కంగారూ నవ్విందంట."

"నవ్వి ఊరుకుందా అక్కా?" అన్నాడు హెక్టర్. "ఏరి తెచ్చి బావ చేతిలో పెట్టింది, ఇంకోసారి విసిరి చూసుకోమని."

"ఉడుమును పట్టుకొస్తా. ఖాళీ కడుపుతో రాకు, మూతి ముడుచుకునీ రాకు," అంది ఆమె నాతో.

నేను గుడిసె వెనక నుంచి చెయ్యి ఊపాను. అంతే.

హెక్టర్ నన్ను లోయ మొదట్లో దింపాడు. అక్కడ బండలో ఒక నీటిగుంట ఉంది, ఎండాకాలంలో కూడా ఇంకదు. కారును దాని పక్కన చెట్టుకింద పెట్టి, తాళంచెవి సీటు కింద దాచి, తుపాకీ తీసుకుని పడమటి వైపు వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళున్న వాగు అక్కడికి మైలు దూరం, మధ్యలో చిన్న గుట్ట. ఎక్కడివాళ్ళం అక్కడ ఉన్నాం. ఏర్పాటు బాగానే ఉంది.

లోయలో వంద అడుగులు లోపలికి వెళ్ళి నిప్పు వేసుకున్నాను. కింద దొరికిన ఈటెతీగలు మామూలు రకం. నాలుగు కోసి, రెండు కాచాను. మూడోది బూడిదలో ఉండగా రాయి పడిన చప్పుడైంది. తర్వాత ఇంకోటి. తర్వాత దగ్గు.

తల తిప్పకుండానే తెలిసింది. కనుకొసలో కారు పక్కన ఒక ఎర్రటి లంగా, చేతిలో డబ్బా. నీళ్ళకు వచ్చిందనుకున్నాను. వాగు ఎండింది, నీళ్ళు ఉన్నది ఇక్కడే. నేను గుంటకు మరీ దగ్గరగా ఉన్నాను. ఆమె ముందుకు రావాలంటే నేను వెళ్ళాలి. కాడను బూడిదలోనే వదిలేసి, గొడ్డలి తీసుకుని, ముఖం బండవైపు పెట్టి పైకి ఎక్కాను. ఏ అల్లుడైనా అదే చేస్తాడు.

కొంత ఎక్కి, ఒక బండ వెనక కూర్చున్నాను. డబ్బా నింపుకుని పోవడానికి ఎంతసేపు పడుతుంది? అంతకు రెండింతలు ఆగాను. దిగబోయేసరికి కింద కారు మీద కర్ర దెబ్బలు. దబ్, దబ్, దబ్. గడ్డలు తవ్వే కర్రతో కారు పైకప్పును కొడుతోంది. నేనింకా ఇక్కడే ఉన్నాను, రాకు, అని. నాకు అర్థమైంది అది. కర్రదెబ్బకు మాలో వేరే అర్థం లేదు. ఇంకా పైకి వెళ్ళాను.

ఆమె ఎంత చప్పుడు చేస్తే నేను అంత దూరం వెళ్ళాను.

గట్టు మీదికి వెళ్ళాక అవతలి వాలులో ఈటెతీగ కనబడింది. అంత మంచి తీగను నేను అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు. మూడు నిలువుల ఎత్తు బండను ఆనుకుని నిటారుగా లేచింది. గుత్తులు గుత్తులుగా మీగడ రంగు పూలు, ఒక్కొక్క పువ్వు గొంతులో ముదురు ఎరుపు. తేనెటీగలు మూగి ఉన్నాయి. కాడలు ఎవరో కాచి నిలబెట్టినట్టు ఉన్నాయి. ఎన్నేళ్ళుగా అక్కడికి ఎవరూ రాలేదో.

కోయడం మొదలుపెట్టాను. మర్యాద కోసం పైనే ఉన్నానని అప్పుడు అనుకున్నాను. అది నిజమే. మొత్తం నిజం కాదు. కింద చప్పుడు ఆగిపోయి చాలాసేపైనా నేను దిగలేదు. తొమ్మిది కాడలు కోశాను. పదోదాని మొదలు వెతుకుతున్నాను.

అప్పుడు కింద నుంచి గొంతు వచ్చింది.

మాటలు తెలియలేదు. గొంతు తెలిసింది. అంత దగ్గరగా దాన్ని నేనెప్పుడూ వినలేదు. నా భార్య గొంతులాగే ఉంది, కొంచెం అరిగినట్టుగా. నేను నిప్పు వేసుకున్న చోటు నుంచి వస్తోంది. ఆమె అంత లోపలికి ఎందుకు వచ్చిందో, గాలితో ఎందుకు మాట్లాడుతోందో నేను ఆలోచించలేదు. అత్త గొంతు చెవిన పడటం సిగ్గు, ఆమెకూ నాకూ. పడకుండా చూసుకోవడం నా పని. చిన్నప్పటి నుంచి అందరికీ నేర్పేది అదే. గొడ్డలిని గట్టిగా వేశాను. తీగ మొదలు మీద కాదు, బండ మీదే వేశాను, బాగా మోగాలని. గొంతు ఆగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ కొట్టాను. మూడోసారి కూడా.

తర్వాత కింద పొగ లేచింది. కారుకు కొంచెం అవతల ఎండుగడ్డికి నిప్పు పెట్టింది. దాన్నీ చూశాను. ఉడుముల కోసం గడ్డి తగలబెడుతోంది కాబోలు, ఇంకా ఇక్కడే ఉంది, ఇప్పట్లో దిగకూడదు అనుకున్నాను.

ఆ పొగను హెక్టర్ కూడా చూశాడు. వాడికి అది అల్లుణ్ణి పొమ్మనే పొగలా కనబడలేదు. కారు దగ్గర పొగ అంటే ఏదో అయిందని, భుజం మీది కంగారూను పడేసి పరుగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి పొద్దు సగానికి పైగా వాలింది. కరిచింది పొద్దు నడినెత్తికి రాకముందే. ఉడుము కలుగులో చెయ్యి పెట్టింది నా భార్య. కలుగులో ఉన్నది ఉడుము కాదు.

"బావా! దిగు! అక్కను పాము కరిచింది!"

కాడలు భుజాన ఉండగానే దిగాను. హెక్టర్ అప్పటికే తల్లితో కలిసి వాగుకు వెళ్ళి, నా భార్యను వెనక సీటులో పడుకోబెట్టి తెచ్చాడు. ఇంజను నడుస్తోంది. మణికట్టు నుంచి మోచేతి దాకా లంగా పీలికతో చుట్టి ఉంది. చిగుళ్ళ నుంచి రక్తం. కనురెప్పలు ఎత్తలేకపోతోంది. తల తల్లి ఒడిలో ఉంది.

నేను దగ్గరికి రాగానే అత్త కొంగులాంటి గుడ్డ ఒకటి ముఖం మీదికి లాక్కుంది. అవతలి తలుపు తీసి ఒక కాలు నేల మీద పెట్టింది. నాకోసం దిగబోయింది. నలభై మైళ్ళ ఎడారిలో ఒంటరిగా ఉండటానికి దిగబోయింది. అది మాత్రం చూశాను.

నా భార్య తల్లి లంగాను పిడికిట్లో పట్టుకుని ఉంది. హెక్టర్ వేళ్ళు విప్పబోయాడు. విడవలేదు.

"అక్కా, వదులు. బావ ఎక్కాలి."

"అమ్మ," అంది.

"ఎక్కు బావా, ఏమవుతుంది? తల మీద దుప్పటి వేసుకో, ఎక్కు! డిక్కీలో కూర్చో!"

కారు పైకప్పు మీద అరచేత్తో చరిచాను. దాని మీద కర్రదెబ్బల సొట్టలు నా చేతికి తగిలాయి.

"పో! పోనియ్!"

వాడు తిట్టాడు. ఏం తిట్టాడో ఇప్పుడు గుర్తు లేదు, గుర్తున్నా రాయదగ్గది కాదు. కారు వెళ్ళిపోయింది.

దాని చక్రాల గుర్తుల వెంట నడిచాను. చీకటి పడినా ఆగలేదు. తెల్లవారాక సెటిల్‌మెంట్ లారీ ఒకటి ఎదురొచ్చింది. నన్ను తీసుకురమ్మని పంపారు. డ్రైవరు దూరపు వరసకు నాకు తమ్ముడు. దిగి, నేల చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా, నడిచే వచ్చావా ఇంత దూరం?"

"ఎలా ఉంది?"

"ఎక్కు అన్నా. నీళ్ళు తాగు."

"ఎలా ఉందిరా?"

"కున్మనరా కోసం అందరూ వచ్చేశారు అన్నా," అన్నాడు.

నా భార్య పేరు వాడికి తెలుసు. దాన్ని పలకలేదు. పేరు లేనిదాన్ని, పేరు పోయినదాన్ని మేము ఆ మాటతో పిలుస్తాం. నా భుజం మీద తొమ్మిది కాడలు ఇంకా ఉన్నాయని అప్పుడు తెలిసింది. రోడ్డు పక్కన దించాను. రాత్రి చలికి బిగుసుకుపోయి ఉన్నాయి, ఉన్న కొద్ది వంకరలూ అలాగే.

దారిలో పోయింది. క్లినిక్‌కు పదిహేను మైళ్ళ ఇవతల. గంటో, గంటన్నరో ముందు బయలుదేరితే చాలునని నర్సమ్మ హెక్టర్‌తో అందట. మేము పోగొట్టుకున్నది ఎన్ని గంటలో మీరే లెక్క వేసుకోండి.

పూడ్చాక అందరం సెటిల్‌మెంట్ బయట ఏడుపు శిబిరంలో ఉన్నాం. జుట్టు కత్తిరించారు, తల మీద తెల్లమట్టి రాశారు. మూడో రోజున పెద్దవాళ్ళు మాట కోసం కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. అత్త అందరికంటే దూరంగా, మాకు వీపు పెట్టి, నిండా ముసుగేసుకుని కూర్చుంది. నేనూ వీపు తిప్పే కూర్చున్నాను.

సిలాస్ తాత మాట మొదలుపెట్టాడు. మాలో ఆయన మాటే చివరి మాట.

"ఎవరైనా చెయ్యకూడనిది చేశారా? నాకైతే కనిపించలా. ఆమె చప్పుడు చేసింది. చెయ్యాలి. వీడు తప్పుకున్నాడు. తప్పుకోవాలి. ఇద్దరూ మంచి మనుషులు. పాము చంపింది. పామును వెతుక్కుందామంటారా, పదండి, నేనూ వస్తా. లేదా ఇంతటితో వదిలేద్దాం."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒకామె లేచింది. నా భార్యకు పిన్ని వరస. "మంచి మనుషులంట! బండిని పగిలిపోయేలా బాదుతుంటే చెవుల్లో ఏం పెట్టుకున్నాడు వీడు? మైనమా?"

నేనూ లేచాను. "నువ్వే చెప్పు పిన్నీ. అత్త కర్రతో బాదితే అల్లుడేం చెయ్యాలి? నీ అల్లుడైతే ఏం చేస్తాడు? దగ్గరికొచ్చి, ఏమత్తా, ఎందుకు పిలిచావ్ అంటాడా?"

"అంతసేపా? అంతసేపు బాదితే ఎవడికైనా..."

"అంతసేపు బాదితే అంత దూరం పోతాడు. నేను పోయాను."

ఆమె కూర్చుంది. నేనూ కూర్చుని ఉంటే అక్కడితో అయిపోయేది. కూర్చోలేదు.

"సిలాస్ తాతా, పాము కాదు. ఈమె చంపింది," అన్నాను. "నా ముందుకొచ్చి నా ముఖాన ఉమ్మేసినా సరే, వెళ్ళి తెచ్చేవాణ్ణి. జుట్టు పట్టి ఈడ్చినా వెళ్ళేవాణ్ణి. కూతురు చస్తుంటే ఈమె సిగ్గుపడుతూ నిలబడింది. తన సిగ్గు చల్లగా ఉండాలని నా పెళ్ళాన్ని చంపింది."

అల్లుడు అత్తను గురించి అందరిలో అలా అనడం మా వైపు ఎప్పుడూ లేదు. ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. సిలాస్ తాత లేచి వెళ్ళిపోయాడు. అత్త మాత్రం కదలలేదు, ముసుగు తీయలేదు, ఏడవలేదు.

ఆ సాయంత్రం హెక్టర్ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. కొట్టడానికి వచ్చాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"అమ్మ నీ నిప్పు దాకా వచ్చింది, తెలుసా నీకు?"

"తెలియదు."

"కర్రతో కొట్టింది, రాళ్ళేసింది, నువ్వు రాలా. నన్ను వెతుకుతా నా అడుగుల వెంట పోయింది, బండల మీద గుర్తులు పోయినయి. మళ్ళీ వెనక్కొచ్చింది. చావు ఏడుపెత్తితే నువ్వు దిగుతావని తెలుసు ఆమెకు. బతికున్న కూతురి మీద ఏడుపెట్టా ఎత్తుతుంది? అప్పుడు లోపలికొచ్చింది. నువ్వు కోసి వదిలేసిన తీగ మొదలు లేదూ, దాని ముందు నిలబడింది. నీవైపు వీపు పెట్టి, తీగకు చెప్పింది. 'ఈటెతీగా, పిల్లను పాము కరిచింది, దాని మొగుడికి చెప్పు' అని. మూడుసార్లు. గట్టిగానే చెప్పానంటోంది."

నేను మట్టిలో వేలితో గీస్తున్నాను.

"విన్నావా బావా?"

"నేను పైన ఉన్నాను."

"అది కాదు నేను అడిగింది."

"పైన ఉన్నానని చెప్పాను కదా."

వాడు నా చేతి వైపే చూశాడు. "నువ్వు అమ్మను అన్న మాట వెనక్కి తీసుకో. ఆమె తిండి మానేసింది."

"తీసుకోను."

తీసుకోలేదు. అత్త దక్షిణాన ఉన్న ఇంకో సెటిల్‌మెంట్‌కు, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఈటెలు చేస్తూనే ఉన్నాను, అదొక్కటే వచ్చు. అత్తకు మాంసం పంపడం మానలేదు. భార్య పోయినా అత్త అత్తే. కంగారూ కొట్టిన ప్రతిసారీ మంచి భాగం కోసి, గోనెలో చుట్టి, ఆ వైపు వెళ్ళే ఎవరో ఒకరి చేతికి ఇచ్చేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు. ఆమె ప్రతిసారీ తీసుకునేది. ఒక్క మాటా తిరిగి రాలేదు. మాంసం పంపినందుకు నేను మెత్తబడ్డానని కొందరనుకున్నారు. నా మీద వేలెత్తి చూపడానికి ఆమెకు ఒక్క కారణం కూడా మిగలకూడదని పంపాను.

పోయిన చలికాలంలో హెక్టర్ వచ్చాడు. వాడి గడ్డం కూడా నెరిసింది. అప్పటి కారు ఎప్పుడో తుప్పుపట్టి పోయింది. ఎవరిదో బండి అడిగి తెచ్చుకున్నాడు. నేను గుడిసె ముందు కాడ కాస్తున్నాను.

"ఇంకా వంకరగానే చేస్తున్నావా?" అన్నాడు.

"కంగారూలకు అలవాటైపోయింది."

నవ్వాడు, పూర్తిగా నవ్వలేదు. టీ పోశాను. చాలాసేపు తాగాడు.

"అమ్మ పట్నం ఆసుపత్రిలో ఉంది బావా. మూత్రపిండాలు. ఇంక రక్తం కడిగే మిషను వద్దంది. ఇంటికి తెస్తున్నాం. వారమో, పది రోజులో."

"ఊఁ."

"ఒక్క మాట అడగమంది. నిన్ను అడగమని ఆమె నోటితో చెప్పడం ఇదే మొదలు. ఆ రోజు తీగకు చెప్పిన మాట నీకు వినబడిందా లేదా అని."

కాడను బూడిదలోంచి తీశాను. వంకర దగ్గర పళ్ళతో పట్టాను.

"వినబడిందంటే పోతా, వినబడలేదంటే పోతా, ఏదో ఒకటి చెప్పమను అంది. పద్దెనిమిదేళ్ళ నుంచీ అదే తిరుగుతోందంట తలకాయలో. గొంతు చాల్లేదా, ఇంకా దగ్గరికి పోవాల్సిందా, నాలుగోసారి చెప్తే సరిపోయేదా అని. నిద్రలో కూడా 'ఈటెతీగా, ఈటెతీగా' అంటదంట, చిన్నమ్మ చెప్పింది. నేను పక్కనుండి విన్నాను బావా. వినలేం."

"వంకర ఇక్కడుంది," అన్నాను. "చూడు."

"బావా."

"పట్టుకో ఇటు చివర."

పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి దాన్ని నిటారు చేశాం.

"నీకు తెలుసు," అన్నాడు. "నాకు అప్పుడే తెలుసు నీకు తెలుసని. మట్టిలో గీస్తా కూర్చున్నావ్ చూడూ, అప్పుడే. నేనెప్పుడన్నా అన్నానా? ఎవరితోనన్నా అన్నానా? తమాషాకి కూడా అనలా. వినబడిందని చెప్తే నిన్ను ఎవరూ ఏం చెయ్యరు. సిలాస్ తాత ఎప్పుడో పోయాడు. ఆమెకు ఊపిరాడుద్ది, అంతే. ఆఁ అను. తల ఊపు చాలు, మిగతాది నేను చెప్పుకుంటా."

నేను ఆఁ అని ఉంటే ఆమె ఏమనుకునేదో నాకు తెలుసు. నా గొంతు చాలింది, నేను చేయవలసింది చేశాను, వాడే దిగలేదు అనుకునేది. అలా అనుకుని కళ్ళు మూసేది. లేదు అని ఉంటే, ఇంకో పది అడుగులు వేసి ఉంటే నా పిల్ల బతికేది అనుకుంటూ మూసేది. రెంటిలో ఏదైనా ఆమెకు ఒక అంతు దొరుకుతుంది. నాకెవరూ అంతు ఇవ్వలేదు.

లోపలికి వెళ్ళి, ముందురోజు కొట్టిన కంగారూ తోకను గోనెలో చుట్టి తెచ్చాను. మంచి తోక, బరువైనది. వాడి చేతిలో పెట్టాను.

"ఇది ఇవ్వు."

"ఆమె నమల్లేదు బావా ఇప్పుడు."

"అయినా ఇవ్వు. ఆమె వాటా."

"మాట?"

"నా దగ్గర మాట లేదని చెప్పు."

హెక్టర్ గోనెను బండిలో వేశాడు. ఎక్కి కూర్చుని, తాళం తిప్పకుండా కొంతసేపు ఉన్నాడు. నేను మంట ముందు కూర్చుని ఇంకో కాడ తీసుకున్నాను. బండి కదిలి వెళ్ళే దాకా తల ఎత్తలేదు.

తొమ్మిదో రోజున పోయిందని కబురు వచ్చింది. తోకను పక్కన పెట్టించుకుందట, తినలేదట. నేను పూడ్చడానికి వెళ్ళలేదు. అత్త ఉన్న చోటికి అల్లుడు వెళ్ళకూడదు.

ఇప్పుడు హెక్టర్ రావడం మానేశాడు. పిల్లలకు ఈ కథను ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతున్నారు, నేను చెవిటివాణ్ణనీ, అత్త పిచ్చిదనీ. అందుకని రాశాను, ఉన్నది ఉన్నట్టు. ఆమె చంపింది. అందులో మార్పు లేదు. దీని గురించి నన్ను ఎవరూ అడగవద్దు. అడిగితే చెప్పను. బతికున్నంత కాలం ఇక మాట్లాడను.